ఇతరముల డబ్బాలో కాసులపేరు

చదువు మధ్యలో ఆపేసినవాళ్లను ఎవరిని అడిగినా ఇంటి పరిస్థితులు బాగాలేక అంటారు. మా ఇంటి పరిస్థితులు బాగానే ఉండేవి. బాగాలేనిది బెంచీ పరిస్థితి.

ఆరో తరగతిలో మా చివరి బెంచీ నాలుగు నట్ల మీద నిలబడి ఉండేది. మూడు ఇనపవి, తుప్పు పట్టినవి. ఒక్కటి మాత్రం ఇత్తడిది. కిటికీలోంచి ఎండ పడినప్పుడల్లా అది నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది. వారం రోజులు వేళ్లతో తిప్పి ఊడదీశాను. మూలలు పోయేదాకా గచ్చు మీద రుద్దాను. చిటికెనవేలికి తోస్తే, వేలు కాస్త కమిలినా మొత్తానికి ఎక్కింది. సరిగ్గా ఆ మర్నాడే బడి చూడటానికి ఒక ఆఫీసరు గారు వచ్చారు. వెనక కూర్చుని పాఠం వింటానని మా బెంచీనే ఎంచుకున్నారు. మంచి పుష్టి గల మనిషి. ఆయన కూర్చోగానే బెంచీ ఒక కాలు మడిచి నమస్కారం పెట్టింది.

మా ఆనందరావు మాస్టారు అప్పటికి ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు. ఆఫీసరు గారిని లేపి, దుమ్ము దులిపి, టీ తాగించి పంపించాక నా చిటికెనవేలు చూశారు.

"ఏంట్రా అది?"

"ఉంగరం అండి."

"బెంచీ నట్టు కాదూ?"

"నట్టు కాదండి. ఉంగరం అండి."

బెత్తం తీశారు. దెబ్బ కొట్టినప్పుడల్లా అదే ప్రశ్న వేశారు, నేను అదే జవాబు చెప్పాను. ఆయన చెయ్యి నొప్పి పుట్టి కొట్టడం ఆపేశారు. నేను బడి ఆపేశాను.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ పనిలోకి వచ్చే పిల్లలు నా అర్హతలు తెలుసుకుని మరీ నా మాట వినాలి. ఇప్పుడు నట్లు, వాషర్లు, తాళం గొలుసులతో నగలు చేసి ఫోనుల్లో పెట్టి అమ్ముతున్నారు. దానికి ఇండస్ట్రియల్ స్టైల్ అని పేరట. మేము చేసేటప్పుడు దాని పేరు పిచ్చి. ఈ మధ్య ఇద్దరమ్మాయిలు ఇంటికి వచ్చి, "తాతగారూ, మీ అనుభవం రాసివ్వండి, మాకు పనికొస్తుంది" అన్నారు. పనికొచ్చేదేదో వాళ్లే ఏరుకుంటారని అన్నీ రాస్తున్నాను.

డబ్బాలు

బడి మానేసినవాణ్ణి మా నాన్న తీసుకెళ్లి తిరువూరు బస్టాండు దగ్గర హార్డ్‌వేర్ షాపులో పడేశాడు. నలభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశాను. గోడ నిండా రేకు డబ్బాలు. ప్రతి డబ్బా మీదా షావుకారు గారి చేతిరాత: నట్లు, బోల్టులు, వాషర్లు, మడతబందులు, గొళ్లేలు. ఎక్కడా ఇమడనివి, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి పారిపోయి వచ్చినవి, ఎవరో మర్చిపోయినవి అన్నీ ఒక డబ్బాలో వేసేవాళ్లం. దాని మీద "ఇతరములు" అని ఉండేది.

మధ్యాహ్నం పూట షాపుకు వచ్చేది రెండు రకాల మనుషులు. మోటారు కాలిపోయి వచ్చిన రైతు ఒకడు. ఆ మోటారు వైండింగు అయ్యేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కాబట్టి మా బల్ల మీద కూర్చునే ఆయన భార్య ఇంకొకరు. ఆవిడ చూస్తూ ఉండగా నేను ఇత్తడి వాషర్లు తీసి, పక్కన వైండింగు షాపులో పారేసిన రాగి తీగతో కొంకీలు వేసి, ఒకదాని పక్కన ఒకటి కూర్చేవాణ్ణి. రెండు డజన్లు కలిపితే కాసులపేరు. పైన గుండ్రంగా మూసుకుపోయిన నట్టు ఉంటుంది, డోమ్ నట్టు అంటాం. అది బోర్లిస్తే బుట్ట జుంకా. స్ప్రింగు వాషరు చెవికి పెడితే రింగు. కాసుకు చిల్లు వేయడానికి బంగారం పనివాడు కూలి తీసుకుంటాడు. నా కాసులకు ఫ్యాక్టరీవాడే చిల్లు వేసి పంపేవాడు.

చేసినవన్నీ షావుకారు గారు "ఇతరములు" డబ్బాలో వేయించేవారు.

"షావుకారు గారూ, దీనికి వేరే డబ్బా పెట్టి 'నగలు' అని రాయండి."

"హార్డ్‌వేర్ షాపులో నగలు అని రాస్తే కొనేవాడు రాడు కోటయ్యా, దొంగ వస్తాడు. వాడు వచ్చి నీ వాషర్లు చూసి తిట్టుకుంటా పోతాడు. మనకెందుకు ఆ పాపం."

ఆయన చెడ్డవాడు కాడు. మేకులూ నగలూ ఒకే తక్కెడలో తూచే మనిషి, అంతే. ఎవరైనా బేరానికి వచ్చి కాసులపేరు పట్టుకుని "ఇదేంటండి" అంటే, "వాషర్లమ్మా, మావాడు తీగకు గుచ్చాడు" అనేవాడు. ముప్పై ఏళ్లు ఆ ఒక్కమాట విన్నాను. పెళ్లాంతో పోట్లాడితే రెండో రోజుకు మర్చిపోతాను. ఈ మాట మాత్రం మర్చిపోలేకపోయాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఇదే. మీ పని ఏమిటో ఇంట్లోవాళ్లు మర్చిపోయినా ఫర్వాలేదు. పక్కన నిలబడి అమ్మేవాడు "ఇతరములు" అంటే మాత్రం ప్రతిరోజూ అడుగుతూ ఉండండి. విసుగొచ్చి అయినా రాస్తాడు.

నేను చేసిన రెండు తప్పులు

మొదటి కాసులపేరు మా ఆవిడ వరలక్ష్మికి చేసిచ్చాను. అప్పుడు మాకు కొత్తగా పెళ్లయింది కాబట్టి ఏమిచ్చినా తీసుకునే రోజులు. వాళ్ల చెల్లెలి సీమంతానికి పెట్టుకుని వెళ్లింది. మే నెల, తిరువూరు ఎండ. కొత్త వాషర్లకు ఫ్యాక్టరీలో పూసిన నూనె ఉంటుందని నాకు తెలుసు. రోజూ చేతులకు అంటుకునేదే కదా. మెడకు అంటుకుంటుందని మాత్రం తోచలేదు. సాయంత్రానికి మెడ చుట్టూ నల్లటి వలయం తేలింది. పీటల మీద కూర్చున్న చెల్లెలి కంటే వరలక్ష్మినే ఎక్కువమంది చూశారట. ఇంటికి వచ్చి ఒకే మాట అంది.

"పెళ్లయితే మొగుడు నల్లపూసలు కట్టిస్తాడంటే విన్నాను గానీ, నల్లపూసలు మెడకే పూస్తాడని వినలేదండి."

అప్పటినుంచి ఏ వాషరు తెచ్చినా ముందు సర్ఫు నీళ్లలో మరిగించడం, చింతపండుతో తోమడం, బట్టతో తుడిచి ఎండబెట్టడం. మీరు కూడా చేయండి. ఫోటోలో నూనె కనబడదు, మెడ మీద కనబడుతుంది.

రెండో తప్పు నవ్వుకునేది కాదు. పత్తికి మందు కొట్టే స్ప్రేయర్లు పాతబడితే వాటి మూతికుండే ఇత్తడి నాజిళ్లు పాతసామాన్లవాళ్ల దగ్గర కుప్పలుగా దొరికేవి. చూడటానికి చిన్న గంటల్లా ఉంటాయి. ఇంత అందమైన ఇత్తడి కొత్తగా కొంటే షావుకారు ప్రాణం తీస్తాడు. వాటిని చింతపండుతో తళతళలాడేలా తోమి లోలకులు చేశాను. ఎ.కొండూరు వైపు నుంచి పత్తి తీతకు వచ్చే ఒకామె ముచ్చటపడి తీసుకుంది. రెండు రోజుల తర్వాత చెవి వాచిపోయి, చీర కొంగు కప్పుకుని వచ్చింది.

"అన్నా, మందు మేము ఎట్టాగూ చేతులతో పీలుస్తానే ఉన్నాం. చెవులు ఒక్కటే మిగిలాయి, వాటికి కూడా పట్టించావా?"

ఆమెను ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నాజిలు లోపల సన్నటి దారి ఉంటుంది, చింతపండు అక్కడిదాకా వెళ్లదు. ఆ రోజు నుంచి ఒంటి మీద పెట్టే సామాను ఏదీ పాతది తీసుకోలేదు. పైకి మెరిసేలా చేయడమే పని అనుకునేవాళ్లుంటే, దయచేసి వేరే పని చూసుకోండి. ఆమె తర్వాత కూడా వచ్చేది. నగలు కొనేది కాదు. కొనేవాళ్లకు మాత్రం నా ముందే చెప్పేది, "అది కొత్తదో కాదో అడిగి తీసుకోండి" అని. నాకు జీవితంలో దొరికిన ఒకే ఒక్క ఇన్‌స్పెక్టరు ఆవిడ.

బంగారం వాళ్ల గురించి

వాళ్ల మీద నాకు కోపం లేదు. రోడ్డుకు ఆ పక్క కూర్చున్నారు కాబట్టి చూశాను. వాళ్ల దగ్గర తరుగు అని ఒకటుంది. నగ చేసేటప్పుడు కొంత బంగారం పోతుందట, పోయినదానికి కూడా మనమే ఇచ్చుకోవాలట. నా పనిలో కూడా తరుగు ఉండేది. వాషరు చేయి జారి డ్రెయినేజీలో పడితే షావుకారు నా మొహం చూసేవాడు. ఆ చూపే నా తరుగు.

ఇంకొక తేడా ఏమిటంటే, బంగారం కొనుక్కున్నవాళ్లు ఇంటికెళ్లి దాచుకుంటారు. నా దగ్గర కొన్నవాళ్లు అక్కడే పెట్టుకుని మోటారు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఏది నగ అని నన్ను అడిగితే, పెట్టుకున్నది నగ అంటాను. దాచుకున్నది ఇతరములు.

నగ కావాలి, నగ కాకూడదు

నేను పని మానేసిన ఏడాది సంగతి ఇది. దీనికోసమే పైన ఇంత రాశాను.

దానికి మూడు నెలల ముందు ఒక విచిత్రం జరిగింది. షావుకారు గారి మనవరాలు విజయవాడ కాలేజీ నుంచి సెలవులకు వచ్చి, ఇతరములు డబ్బా తిరగేసి, డోమ్ నట్ల జుంకాలు పెట్టుకుని ఫోటో దిగింది. ఆ ఫోటో చూసి స్నేహితురాళ్లు మాకు కావాలంటే మాకు కావాలన్నారట. తాతకు ముప్పై ఏళ్లుగా నేను చెప్పింది ఒక్క పూటలో అర్థమైంది. తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో "నగలు" అని రాసి, ఆ డబ్బా మీద పాత అక్షరాలు కనబడకుండా ఆయన చేత్తో ఆయనే అంటించారు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేను రెండు మూడు సార్లు వెళ్లి చదువుకుని వచ్చాను. బడి మానేశాక నేను అంత శ్రద్ధగా చదివింది అదొక్కటే.

ఆ రోజుల్లో రాహేలమ్మ వచ్చింది. విస్సన్నపేట రోడ్డులో ఒక ఊరు, అక్కడి ప్రార్థన మందిరం వాళ్లు. మామిడికాయల సీజనులో ప్యాకింగు పనికి వెళ్తుంది. వెంట ఆమె కూతురు కరుణ, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టరు. చెవికి లేదు, ముక్కుకు లేదు, గాజు లేదు. టైము చూసుకోవాలి కాబట్టి వాచీ పెట్టుకోవచ్చు. అందుకని వాచీలు మాత్రం ధగధగలాడుతుంటాయి. నేను వేళాకోళం చేయడం లేదు. మా ఇళ్లల్లో నగలు పెట్టుకోవాలన్న రూలు వల్ల జరిగినన్ని గొడవలు, పెట్టుకోకూడదన్న రూలు వల్ల వాళ్లిళ్లల్లో జరగలేదు.

జరిగింది ఈ ఒక్కసారే. కరుణ ఇష్టపడిన అబ్బాయి ఆర్సీఎం, అంటే రోమన్ కేథలిక్కుల అబ్బాయి. వాళ్లు శుభ్రంగా నగలు పెట్టుకుంటారు. పెళ్లి కరుణ వాళ్ల మందిరంలో చేయడానికి అందరూ ఒప్పుకున్నారు. ఆ అబ్బాయి తల్లి ఫిలోమినమ్మ ఒక్క షరతు పెట్టింది. కోడలు బోసిమెడతో నిలబడితే తాను లోపలికి అడుగు పెట్టనంది. పాస్టరు గారు కూడా ఒక్కటే అన్నారు, మెడలో నగ ఉంటే ప్రార్థన చేయలేనని. పెళ్లికి వారం ఉంది. రెండు ఇళ్లల్లోనూ బియ్యం వచ్చేశాయి.

"అన్నయ్యా, నువ్వు చేసేది ఇనప సామానేగా?" అంది రాహేలమ్మ.

"ఇత్తడమ్మా."

"అదేలే. బంగారం కాదుగా. నగ కాదుగా."

నాకు చురుక్కుమంది. కరుణ నా మొహం చూసి కనిపెట్టింది.

"అమ్మా, అలా అనకు. మావయ్య గారూ, నాకు నగల మీద మోజు లేదండి. ఆ అబ్బాయంటే ఇష్టం. వాళ్లూ వీళ్లూ మెడ గురించి కొట్టుకుంటున్నారు. మెడ నాది కదా, నన్ను ఒక్కళ్లూ అడగట్లేదు."

ఆ మాటకు నేను పడిపోయాను. ఆ పిల్లకు నా చేతనైనంతలో మంచి కాసులపేరు చేస్తానన్నాను. కొత్త డబ్బా విప్పి, ఒకే మందం ఉన్న వాషర్లు ఏరి, మరిగించి, తోమి, మధ్యలో పెద్దవి, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి వచ్చేలా కూర్చాను. నాలుగు రోజులు పట్టింది. నేను చేసినవాటిలో అంత నిండుగా వచ్చింది ఇంకొకటి లేదు.

చూడటానికి ఫిలోమినమ్మ స్వయంగా వచ్చింది. చేతిలో పట్టుకుని బరువు చూసింది, అటూ ఇటూ తిప్పింది.

"బంగారమే కావాలని నేను అన్నానా అండి? నలుగురూ చూసి నగ అనాలి, అంతే. ఇది నగేనా?"

"నగేనమ్మా. కాదని ఎవరన్నా అంటే నా దగ్గరకు పంపండి."

నిజంగానే ఎవరన్నా వస్తారని నేనేం అనుకోలేదు.

పరీక్ష

పెళ్లి రెండు రోజులుందనగా, పొద్దున్నే షాపు ముందు షేర్ ఆటో ఆగింది. అందులోంచి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాలతో ఇద్దరు దిగారు. ఒకాయన పాస్టరు గారు, కుర్రవాడు, నెమ్మదస్తుడు. రెండో ఆయన సంఘంలో పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. చేతికర్ర ముందు దిగింది, దాని వెనక ఆయన దిగారు. మా ఆనందరావు మాస్టారు. బడి వదిలాక రోడ్డు మీద ఎన్నిసార్లు ఎదురుపడ్డా నేను సందులోకి తిరిగిపోయేవాణ్ణి. ఇవాళ సందు లేదు, కౌంటరు ఉంది.

ఎందుకు వస్తున్నారో నాకు వాళ్లు రోడ్డు దాటేలోపే అర్థమైంది. నా వీపు వెనక డబ్బా ఉంది. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో "నగలు" అని ఉంది. ముప్పై ఏళ్లు అడిగి అంటించుకున్న కాగితం. గోళ్లతో పట్టి పీకేశాను. సగం చిరిగి వచ్చింది, మిగతా సగం గీకాను. కింద "ఇతరములు" ఏ మాత్రం వెలిసిపోకుండా అలాగే ఉంది.

"వందనాలండి," అన్నారు పాస్టరు గారు. "మా కరుణ పెళ్లికి మీరేదో చేశారట. రాహేలమ్మ గారు అది సామానే అంటున్నారు. ఒకసారి చూసిపోదామని వచ్చాం."

నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి షావుకారు గారు లేచారు. తెల్లబట్టలు, మర్యాదైన మాట, ఇద్దరు మనుషులు. ఆయనకు వీళ్లు పెద్ద బేరంలా కనబడ్డారు.

"సామాను కాదండి. నగ. మా కోటయ్య చేసిన కాసులపేరు చూశారంటే ఎదురు కొట్లో బంగారం కూడా ఎందుకూ పనికిరాదు. కూర్చోండి."

నా జీవితం మొత్తం మీద ఈ మాట ఆయన నోట వినాలని ఎదురుచూశాను. విన్నాను. విని చెమటలు పట్టాయి.

"షావుకారు గారికి తెలియదండి," అన్నాను. "ఆయన లెక్కలు చూసుకుంటారు. సరుకు సంగతి నాకు తెలుసు. ఇవి వాషర్లండి."

షావుకారు నా వైపు ఎలా చూశారో రాయడం నాకు చేతకాదు.

కాసులపేరు తీసి బల్ల మీద పెట్టాను. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడింది. పాస్టరు గారు చూసి మాస్టారి వైపు చూశారు. మాస్టారు వంగి, కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు చూశారు.

"ఒరే కోటయ్యా. ఏంట్రా ఇది?"

"వాషర్లండి."

"నగ కాదూ?"

"నగ కాదండి. వాషర్లండి."

"వాషరైతే బోల్టుకు పట్టాలి కదా."

ప్లయరు తీసుకున్నాను. మధ్యలో ఉన్న పెద్ద వాషరు కొంకీ విప్పి, ఒక బోల్టు తెచ్చి తొడిగి, నట్టు బిగించి చూపించాను. పట్టింది. పట్టకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

"దాని పక్కది?"

పక్కది కూడా విప్పాను. దాని పక్కది. ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను విప్పుతూనే ఉన్నాను. కొట్టేటప్పుడు కూడా ఆయన ఇలాగే ఓపికగా అడిగేవారు. కాసేపటికి బల్ల మీద కాసులపేరు లేదు. ఒక పక్క రాగి తీగ ముక్కలు, ఇంకో పక్క నట్లు బిగించిన బోల్టుల వరస. నాలుగు రోజుల పని పావుగంటలో నిజంగానే హార్డ్‌వేర్ అయిపోయింది. మా షావుకారు తన కుర్చీలో కూర్చుని ఫ్యాను వైపు చూస్తున్నారు.

"ఖాయమేనా?" అన్నారు మాస్టారు.

"ఖాయమేనండి."

మాస్టారు పాస్టరు గారితో, "సామానేనయ్యా" అన్నారు. పాస్టరు గారి మొహం తేలికపడింది. ఆయనకు కూడా ఆ పెళ్లి జరగాలనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. "సామానైతే మందిరానికి అభ్యంతరం ఏమీ లేదండి" అని నమస్కారం పెట్టి వెళ్లారు.

ఆటో కదిలాక షావుకారు గారు అడిగారు.

"నేను నగ అన్నది అబద్ధమా కోటయ్యా?"

"నిజమేనండి. కాకపోతే ముప్పై ఏళ్లు ఆలస్యంగా అన్నారు, రెండు రోజులు ముందుగా అన్నారు."

విషయం చెబితే ఆయన నవ్వలేదు. లేచి షట్టరు సగం దించి, "ఇవాళ బేరం నేను చూసుకుంటాలే, నువ్వు లోపల కూర్చుని దాని సంగతి చూడు" అన్నారు. ఆయన నాకిచ్చిన ప్రమోషను అదే.

నాలుగు రోజుల పని రెండు రోజుల్లో మళ్లీ చేశాను. పాత కొంకీలు విప్పితే విరిగాయి కాబట్టి ప్రతి కొంకీ కొత్తగా వంచాలి. రెండో రోజు సాయంత్రానికి కుడి బొటనవేలు వాచి ప్లయరు మూయనివ్వలేదు. చివరి నాలుగు కొంకీలు నేను పట్టుకుంటే వరలక్ష్మి నొక్కింది. మెడకు నూనె పూసిన నాటి నుంచి నా పని ముట్టుకోని మనిషి. "మరిగించారా?" అని మాత్రం అడిగింది. ఆ బొటనవేలు తర్వాత మళ్లీ నా మాట వినలేదు. నేను రిటైరైంది అందుకు. వయసు వల్ల అని అందరికీ చెబుతుంటాను, కొంచెం గౌరవంగా ఉంటుందని.

పెళ్లి భోజనం

కరుణ తెల్లచీరలో వచ్చి నిలబడింది. పాస్టరు గారు ఆమె మెడలో ఉన్న సామాను చూసి కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ముందు వరసలో ఫిలోమినమ్మ పక్కావిడ మోచేయి పొడిచి, "కాసులపేరు, మేమే పెట్టించాం" అంది. ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు. ఒకే వస్తువు మీద ఇద్దరి నిజాలు నిలబడ్డాయంటే కొంకీలు గట్టిగా పడ్డాయన్నమాటే.

ఈ పనిలోకి వచ్చే మీకు ఇంతకంటే పెద్ద రహస్యం నా దగ్గర లేదు. మీరు చేసినదాన్ని ఏమని పిలుస్తారో దాని మీద మరీ పంతం పట్టకండి. పేరు కోసం ముప్పై ఏళ్లు పోట్లాడాను, ఒక పిల్ల పెళ్లి కోసం అదే పేరు నా గోళ్లతో గీకేశాను. పోట్లాడినందుకూ సిగ్గు లేదు, గీకినందుకూ లేదు. ఆ డబ్బా మీద ఇప్పటికీ "ఇతరములు" అనే ఉంది. మళ్లీ కాగితం అంటిస్తానని షావుకారు గారు అన్నారు, నేనే వద్దన్నాను. కావాల్సినవాళ్లు వచ్చి ఆ డబ్బానే చూపిస్తున్నారు.

షామియానా కింద భోజనాల దగ్గర మాస్టారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. సందులోకి తిరగకుండా వెళ్లి కూర్చున్నాను. బిర్యానీ వడ్డించారు. ఆయన నా వైపు చూడకుండానే తింటున్నారు. నా నోరు ఊరుకోదు కదా.

"మాస్టారూ, మొన్నటి పరీక్షలో పాసైనట్టేనా అండి? ఆరో తరగతి సర్టిఫికెట్టు ఇప్పిస్తారా?"

ఆయన ముద్ద మింగి, దూరంగా నిలబడిన కరుణ మెడ వైపు ఒకసారి చూసి, నింపాదిగా చెప్పారు.

"నిన్ను ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగానురా. అప్పుడు నిజం చెప్పావు, తెలియక కొట్టాను. మొన్న అబద్ధం చెప్పావు, తెలిసి వదిలేశాను. రెండుసార్లూ తప్పింది నేను. నువ్వు పాసయ్యేదేముంది, బడి మానేసినవాడివి."